నీ వాయిస్ మెసేజ్ రెండోసారి విన్నాను చెల్లీ

నిన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి విన్నానే. ఆరు నిమిషాలు! వింటూ వింటూ అలాగే నిలబడిపోయాను, పాలు పొంగి స్టవ్వంతా పారాయి. మీ బావగారు పేపరు పక్కకి తీసి చూసి, ‘పొంగితే శుభమేలే’ అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. తుడవడానికి మాత్రం లేవలేదు, అది వేరే సంగతి.

ఆ ఆరు నిమిషాల్లో మొదటి రెండూ ‘అక్కా, నేనూ నర్సింగులో పీహెచ్‌డీకి అప్లై చెయ్యనా, వద్దా’ అని. మిగతా నాలుగూ మీ లేబర్ రూము మీద చిరాకు. ముందు ఆ రెండు నిమిషాలకి జవాబు చెప్తాను. నాలుగు నిమిషాల సంగతి ఆఖర్న మాట్లాడుకుందాం, మర్చిపోన్లే.

ఎందుకు చెయ్యాలనుకుంటున్నావో నువ్వే చెప్పావు. మీ కాలేజీలో నీకన్నా వెనకొచ్చినావిడ పీహెచ్‌డీ చేతికి రాగానే వైస్ ప్రిన్సిపాల్ అయిపోయింది. నువ్వింకా పిల్లల్ని వెంటేసుకుని క్లినికల్ పోస్టింగులకి బస్సెక్కుతున్నావు. కడుపు మండదా? నాకూ మండింది. తప్పేం లేదు. కానీ ఆ మంట మీద ఆరేళ్ళు అన్నం ఉడకదే. రెండో ఏడు వచ్చేసరికి ఆరిపోతుంది. అప్పటికి నీ చేతిలో వేరే ఏదో ఉండాలి.

ప్రమోషన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో ప్రిన్సిపాల్ పోస్టుకి ఎమ్మెస్సీ నర్సింగు, దాని మీద అనుభవం తప్పనిసరి. పీహెచ్‌డీ మాత్రం ‘ఉంటే మంచిది’. ఆ మాటకి ప్రైవేటు మేనేజిమెంట్లలో ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు చెప్పుకుంటారు. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు నేమ్ బోర్డు మీద డాక్టర్ అని కనపడాలి. జీతం పెంచమని అడిగిన రోజు, ‘అదేమీ కంపల్సరీ కాదు కదమ్మా’.

ఇక పేరు ముందు డాక్టర్ అంటావా, దాని వైభోగం కూడా విను. మొన్న సంక్రాంతికి ఊరెళితే అరుగు మీద కూర్చున్న పెద్దాయన పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. ‘డాక్టరమ్మవయ్యావంటగా, ఈ వాపేంటో చూడు’ అని. నేను ఆ డాక్టర్ని కాదు మావయ్యా అంటే ఎగాదిగా చూసి, ‘మరి పశువుల డాక్టరువా?’ అన్నాడు. పక్కనున్న మా అమ్మ ఒకటే నవ్వు. ఇంటికొచ్చాక ఆ మోకాలికి ఏం చెయ్యాలో నేనే చెప్పి పంపాననుకో, నర్సుని కదా!

రూల్స్ గబగబా చెప్పేస్తా, మిగతాది నోటిఫికేషన్లో చదువుకో. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉంటే 5 శాతం సడలింపు. కోర్స్‌వర్కుతో కలిపి కనీసం 3 ఏళ్ళు, మామూలుగా 6 ఏళ్ళ లోపు ముగించాలి. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్ళు, ఆడవాళ్ళకి ఆ పైన మరో 2 ఏళ్ళ వెసులుబాటు. మొత్తం కోర్సులో 240 రోజుల దాకా ప్రసూతి సెలవో, పిల్లల కోసం సెలవో తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైములో చెయ్యొచ్చు, మీ కాలేజీ నుంచి ఎన్ఓసీ కావాలి. ఎంఫిల్ అనే మధ్య మెట్టు తీసేశారు. మన రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు విజయవాడలో, వరంగల్లులో ఉన్నాయి. అవి కాక ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2005-06 ప్రాంతంలో మొదలెట్టిన నేషనల్ కన్సార్టియం ఉంది. నర్సులు పీహెచ్‌డీ చెయ్యాలంటే దారి తెలియని రోజుల్లో చాలామందికి అదే వాకిలి తీసింది. మన దేశంలో నర్సింగు డిగ్రీ కోర్సులే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ మొదలయ్యాయంటే, ఇంత ఆలస్యమెందుకైందో నీకే అర్థమవుతుంది.

యూనివర్సిటీ కన్నా ముందు చూసుకోవలసింది గైడుని. పేరు పెద్దదా, పేపర్లు ఎన్ని అని కాదు. ఆవిడ దగ్గర ఇప్పటికే చేస్తున్నవాళ్ళని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించి, ‘చాప్టరిస్తే ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది’ అని ఒక్క ప్రశ్న అడుగు. నా మొదటి గైడు గారికి నేను మార్చిలో చాప్టరిచ్చాను. దసరా సెలవుల ముందు వెళితే అది ఆవిడ బల్ల మీద టిఫిన్ బాక్సు కింద ఉంది. మొదటి పేజీ మీద గుండ్రంగా నూనె మరక. ‘చదువుతున్నానమ్మా’ అన్నారు. పేజీలు తిప్పి చూస్తే ఎర్ర ఇంకు చుక్కైనా లేదు. ఆ మరకున్న పేజీ నా దగ్గర ఇంకా ఉంది, ఎందుకు దాచుకున్నానో తెలీదు. రెండో గైడు దొరికేదాకా ఏడాది పోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. టాపిక్ ఏం తీసుకోవాలని అడిగావు. అడుగుతూ నువ్వే, ‘తల్లిపాల మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ లాంటిది చేసేస్తే తొందరగా అయిపోతుంది కదా’ అన్నావు. ఒసే పిచ్చిదానా! ఎమ్మెస్సీలో నువ్వూ అదే చేశావు, నేనూ అదే చేశాను. మన బ్యాచిలో ఎవరి థీసిస్ తీసినా ‘ఎ స్టడీ టు అసెస్ ది ఎఫెక్టివ్‌నెస్ ఆఫ్’ అంటూ రైలు పెట్టెల్లా సాగే టైటిలే. చివర్న ‘సెలెక్టెడ్ హాస్పిటల్స్’ అని గార్డు పెట్టె. ముందొక పరీక్ష పెడతాం. ఫ్లాష్ కార్డులు పట్టుకుని ముప్పావుగంట పాఠం చెప్తాం. వారం పోయాక అదే పరీక్ష మళ్ళీ పెడతాం. మార్కులు పెరుగుతాయి, పీ వాల్యూ 0.05 కంటే తక్కువొస్తుంది, మన హైపోథిసిస్ నిలిచిందని స్వీట్లు పంచుతాం. పాఠం చెప్పి పరీక్ష పెడితే మార్కులు పెరగక ఏమవుతాయే?

నా ఎమ్మెస్సీ శాంపిల్లో ఒకమ్మాయికి పోస్ట్ టెస్టులో 30కి 28 వచ్చాయి. పుట్టిన గంటలోపు పాలు పట్టాలి, ముర్రుపాలు పారబొయ్యకూడదు, ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా వద్దు, అన్నీ కరెక్టుగా టిక్కు పెట్టింది. రెండేళ్ళ తర్వాత అదే వార్డులో రెండో కాన్పుకి కనిపించింది. పక్కన నాయనమ్మ వేలికి తేనె రాసుకుని బిడ్డ నాలికకి నాకిస్తోంది. అమ్మాయి నన్ను చూసి తల దించుకుంది. తెలియక కాదు, 28 మార్కులు దానివి. ఆ గదిలో దాని మాట చెల్లదు, అంతే. నేను కొలిచిందేమో తెలివి. అక్కడ లేనిది తెలివి కాదు. ఆ రోజు వార్డు బయట మెట్ల మీద కూర్చున్నాను చూడు, నా పీహెచ్‌డీ అక్కడ మొదలైంది. రిజిస్ట్రేషన్ కాగితం ఇంకో మూడేళ్ళకి వచ్చింది.

లిండా ఐకెన్ అని అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఒక నర్సమ్మ ఉంది. ఆవిడ చేసిన పని గురించి తెలిశాక నాకు వారం నిద్ర పట్టలేదంటే నమ్ము. మనం డ్యూటీ దిగేటప్పుడు ఏమంటాం? ‘స్టాఫ్ లేరు, నలభై మందికి ఇద్దరం, ఎలా చూస్తాం’. హ్యాండోవర్లో అనుకుని, ఆటోలో అనుకుని, ఇంటికెళ్ళి అన్నం పెట్టుకుంటాం. ఐకెన్, ఆవిడ తోటివాళ్ళు అదే గొణుగుడిని తీసుకుని 168 ఆసుపత్రుల్లో, 2,32,342 మంది ఆపరేషన్ పేషెంట్ల వివరాల మీద లెక్క కట్టారు. 2002లో అచ్చయింది. ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒక్కటి పెరిగినా, ఆ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. 2014లో యూరప్‌లో 9 దేశాల్లో చూస్తే అక్కడా అదే 7 శాతం. మనం ఆటోలో అనుకున్న మాటే కదే! దానికి లెక్క తోడయ్యేసరికి ప్రభుత్వాలు కూడా కాదనలేని మాటైంది.

ఏటా మే 12న కొవ్వొత్తులు పట్టుకుని నైటింగేల్ పేరున ప్రమాణం చేయిస్తాం పిల్లల చేత. దీపం గుర్తు పెట్టుకున్నాం. ఆవిడ క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువ పోయారని లెక్కలు కట్టి, రంగుల చిత్రాలు గీసి పార్లమెంటువాళ్ళకి చూపించిందని, 1858లో లండన్ గణాంక సంఘంలో మొదటి మహిళా సభ్యురాలైందని ఎంతమందికి చెప్తున్నాం? స్టాటిస్టిక్స్ క్లాసనగానే మన పిల్లలు వెనక బెంచీకెందుకు జారుకుంటారు మరి!

నా థీసిస్ బాలింతల దిగులు మీద అని నీకు తెలుసు. ఆరేళ్ళలో నన్ను ఎక్కువగా ఏడిపించిందీ, నవ్వించిందీ ఒక్క కాగితం. ఎడిన్‌బరో స్కేల్ అంటాం చూడు, 1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అని ముగ్గురు తయారుచేసింది. పది ప్రశ్నలే. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా, మొత్తం 30. గత ఏడు రోజుల్లో ఎలా ఉన్నావమ్మా అని అడుగుతుంది. ఇంతేగా, తెలుగు చేయించేస్తే పనైపోతుందనుకున్నాను.

డబ్బిచ్చి ఒకాయన చేత తెలుగు చేయించాను. ఇంగ్లీషులో ఒక ప్రశ్న దగ్గర జాతీయం ఉంది, పనులు ఎక్కువై తట్టుకోలేకపోతున్నాననే అర్థంలో. ఆయన దాన్ని మాటకి మాట దించేశాడు, ‘విషయాలు నా పైకి ఎక్కుతున్నాయి’ అని. మొట్టమొదటి బాలింతకి చదివి వినిపించాను. ఆవిడ బిడ్డని భుజాన సర్దుకుని, ‘ఎవరెక్కుతున్నారమ్మా?’ అంది. పక్క మంచం ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళే దారిలో భయం పట్టుకుంది. ఇలా ఎన్ని తప్పులున్నాయో!

మళ్ళీ మొదటికొచ్చాను. ఇద్దరి చేత విడివిడిగా తెలుగు చేయించాలి. ఆ తెలుగుని, అసలు ఇంగ్లీషు స్కేలు ఎన్నడూ చూడని మనిషి చేత తిరిగి ఇంగ్లీషు చేయించాలి. రెండు ఇంగ్లీషుల్నీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూడాలి. నిపుణులతో కూర్చోవాలి. ఆ తర్వాత కొద్దిమంది తల్లులకి చదివి, ‘ఈ మాటకి నీకేం అర్థమైంది’ అని అడగాలి. నా నిపుణుల్లో ఒక సైకియాట్రిస్టు, ఒక ప్రసూతి డాక్టరు, ఇద్దరు నర్సింగ్ ప్రొఫెసర్లు, ఒక తెలుగు లెక్చరరు. ఎక్కువ అక్కరకొచ్చింది ఎవరో చెప్పనా? వార్డు ఆయమ్మ. గుమ్మం దగ్గర తుడుస్తూ వింటూ ఉండి, ‘అట్టా అడిగితే ఎవురు జెప్తారమ్మా, పనులు మీదబడి ఊపిరాడనట్టుందా అని అడుగు’ అంది. ఆ వాక్యమే ఖాయం చేశాం. థీసిస్‌లో నిపుణుల పట్టికలో ఆయమ్మ పేరు పెట్టడానికి వీలుపడలేదు. కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆవిడదే.

‘దిగులు’ అని అడగాలా, ‘బెంగ’ అని అడగాలా అని నెల రోజులు కొట్టుకున్నాం. బెంగంటే మన ఆడవాళ్ళకి మనిషి మీద పెట్టుకునేది, అమ్మ మీద బెంగ, పెద్ద పిల్లాడి మీద బెంగ. దిగులు దేని మీదనో చెప్పలేనిది కూడా కావచ్చు. కొందరికి రెండూ కాదు, ‘ఒంట్లో బాగాలేదు’, ‘తల దిమ్ముగా ఉంది’ అంతే. ‘గత ఏడు రోజులు’ అన్నా తెగదు. ‘పోయిన సంత దగ్గర్నుంచి’, ‘పురుటి స్నానం అయిన కాణ్ణుంచి’ అంటే టక్కున చెప్తారు. సంతోషంగా దేనికోసమైనా ఎదురుచూస్తున్నావా అంటే ఒకావిడ, ‘శనివారం మా ఆయనొస్తాడు, దానికి ఎదురుచూసేదేంది, వస్తాడుగా’ అంది. దానికి సున్నా వెయ్యాలా, మూడు వెయ్యాలా నువ్వు చెప్పు!

అనవసరంగా నిన్ను నువ్వే తప్పు పట్టుకుంటున్నావా అనే ప్రశ్న ఒకటుంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, మూడో కాన్పు, మూడోదీ ఆడపిల్లే. ప్రశ్న చదివాను. అత్తగారి వైపు ఒకసారి చూసి, ‘తప్పు నాదిగాక ఇంకెవరిది’ అంది, అన్నం వండాను అన్నంత మామూలుగా. అప్పుడు తెలిసింది, ఇంట్లోవాళ్ళు పక్కనుండగా అడిగిన కాగితాలన్నీ చెత్తబుట్టలో వెయ్యాల్సిందేనని. వేశాను. మూడు వారాల పని. ఆ తర్వాత టీకాల గది పక్కన చిన్న స్టోర్ రూము అడిగి తీసుకుని, ‘బిడ్డ బరువు చూడాలి, తల్లీ బిడ్డా మాత్రమే రండి’ అని పిలిచేదాన్ని. బరువు నిజంగానే చూసేదాన్ని, అబద్ధం కాకూడదని.

పదో ప్రశ్న ఉంది, తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. ఎథిక్స్ కమిటీవాళ్ళు ముందే అడిగారు, ఎవరైనా అవునంటే ఏం చేస్తావని. రాసిచ్చాను, ఫలానా డాక్టరు దగ్గరికి పంపుతానని. రాసివ్వడం వేరు. ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి ఆ ప్రశ్నకి చాలాసేపు మాట్లాడలేదు. బిడ్డ టోపీ దారం చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత తల ఊపింది. పెన్ను పక్కన పెట్టేశాను. ఆ రోజు ఇంకెవరినీ పిలవలేదు. అమ్మాయితోపాటు ఓపీ దాకా నడిచి, డాక్టరు గారికి అప్పగించి, వాళ్ళమ్మకి ఫోన్ చేయించి, సాయంత్రం అయ్యాక ఇంటికొచ్చాను. రిసెర్చి స్కాలర్ని అన్న సంగతి గంటలో మర్చిపోయాను. మర్చిపోవాలి కూడా. మన పీహెచ్‌డీకీ మిగతావాళ్ళ పీహెచ్‌డీకీ తేడా ఎక్కడని ఎవరైనా అడిగితే నాకు ఆ టోపీ దారమే గుర్తొస్తుంది.

ఇంటి సంగతి అడగలేదు గానీ అడగాలనుందని తెలుసు. మరిది గారు ‘నీ ఇష్టం’ అన్నారన్నావు. ‘నీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టు కాదే, అడ్డం పడనని చెప్పినట్టు. ఆ మాటకి ముందే లెక్క రాయించుకో. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా పిల్లల హోంవర్కు ఎవరిది, ఆదివారం వంటెవరిది. నవ్వకు. నా డేటా అంతా డైనింగ్ టేబుల్ మీద పరిచి ఉంటే మా అత్తగారు రెండు కాన్సెంట్ ఫారాలు తీసి వడియాల కింద వేశారు. ‘వాడని కాగితాలనుకున్నానే’ అని. బాలింతల వేలిముద్రల మీద గుమ్మడి వడియాల మరక! అయినా పెద్దావిడని ఏమీ అనలేను. వైవా రోజున నాకన్నా ముందు లేచి పట్టుచీర ఇస్త్రీ చేసి పెట్టిందీ ఆవిడే.

మధ్యలో కొవిడ్. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మిడ్‌వైఫ్‌ల సంవత్సరమని ప్రకటించింది గుర్తుందా? ఆ సంవత్సరాన్ని మనం పీపీఈ కిట్లలో చెమటతో చేసుకున్నాం. నా డేటా ఆగింది, గడువు నెత్తి మీదికొచ్చింది. అలాంటప్పుడే వస్తారు చూడు, ‘మేడం, థీసిస్ మేం చూసుకుంటాం, ప్యాకేజీ ఉంది’ అని. స్పైరల్ బైండింగ్ షాపులో చల్లగా విజిటింగ్ కార్డు చేతిలో పెట్టాడు ఒకాయన. స్టాటిస్టిక్స్ సాయం తీసుకోవడం వేరు, అందరం తీసుకుంటాం. రాతే కొనుక్కోవడం వేరు. 2018 యూజీసీ నిబంధనల్లో పోలిక 10 శాతం దాటితే థీసిస్ వెనక్కొస్తుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయినా శాతాల భయంతో కాదే. వైవాలో ‘ఈ ప్రశ్న ఇలా ఎందుకు మార్చారు’ అని బయటి పరీక్షకుడు అడిగితే నేను ఆయమ్మ మాట చెప్పాను. ప్యాకేజీవాడి దగ్గర ఆయమ్మ ఎక్కడుంటుంది?

అమెరికా వెళ్ళిన మన మావయ్య కోడలు డీఎన్‌పీ చేస్తోందని, అది తేలికట కదా అనీ అన్నావు. తేలిక కాదు, వేరు. ఉన్న జ్ఞానాన్ని పడక దగ్గరికి తెచ్చి అమలు చేసే డాక్టరేట్ అది, అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం 2004లో దానికి మొగ్గు చూపింది. పీహెచ్‌డీ కొత్త జ్ఞానం తవ్వేది. నువ్విక్కడ ఉన్నావు కాబట్టి దాని గొడవ మనకొద్దులే.

ఇప్పుడు నీ నాలుగు నిమిషాలు. సాయంత్రం దీపం పెట్టాక మళ్ళీ విన్నాను, ఈసారి పాలు పెట్టకుండా.

మూడో టేబుల్ మీద తొలి కాన్పు అమ్మాయి అన్నావు. నొప్పులు తట్టుకోలేక లేచి కాసేపు తిరుగుతానంటే సీనియర్ సిస్టరు కసిరి పడుకోబెట్టిందన్నావు. వాళ్ళమ్మ గ్రిల్లు తలుపు బయట, చెప్పులు చేతిలో పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుందన్నావు. ఆపైన గొంతు తగ్గించి ఇంకో మాటన్నావు. ‘నిలబడి నడిస్తే కాన్పు తొందరగా అవుతుందని క్లాసులో పిల్లలకి నేనే చెప్తాను. లేబర్ రూములో వాళ్ళ ముందే ఆ అమ్మాయిని టేబులెక్కమని నేనూ అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదక్కా’.

నువ్వు క్లాసులో చెప్పేది గాలి మాట కాదు. 2013లో, వైద్య అధ్యయనాల్ని పోగేసి బేరీజు వేసే కాక్రేన్‌వాళ్ళు 25 అధ్యయనాలు, ఐదువేలకి పైగా తల్లుల వివరాలు కలిపి చూశారు. పడుకుని ఉన్నవాళ్ళ కన్నా నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్ళకి మొదటి దశ సగటున గంటా ఇరవై రెండు నిమిషాలు తక్కువ. తోడు మనిషి పక్కనుంటే మేలని కూడా 2017లో 26 ట్రయల్స్ కలిపి చెప్పారు. మన కేంద్ర ఆరోగ్యశాఖే 2016లో సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వమంది. మరి ఆ అమ్మ గ్రిల్లు బయటెందుకుంది? అదే కదే ప్రశ్న! నడక మంచిదా కాదా అని కొత్తగా తేల్చక్కర్లేదు. మంచిదని తెలిసినవాళ్ళే ఎందుకు పడుకోబెడుతున్నారు? టేబుళ్ళు తప్ప తిరగడానికి జాగా లేకనా, పడిపోతే ఎవరు జవాబుదారీ అన్న భయమా, ఒక నర్సు ముగ్గుర్ని చూసుకోవాలంటే ముగ్గురూ ఒకచోటే ఉండాలనా, డాక్టరు వచ్చేసరికి పేషెంటు టేబుల్ మీద లేకపోతే పడే చీవాట్లా? నీ ఎమ్మెస్సీ ప్రశ్నాపత్రంతో ఇది దొరకదు. నెలల తరబడి ఆ గదిలో మూల స్టూలేసుకుని కూర్చుని చూడాలి, రాసుకోవాలి, నైట్ డ్యూటీ తర్వాత టీ తాగుతూ వాళ్ళతో మాట్లాడాలి. దాన్నీ రిసెర్చే అంటారు, క్వాలిటేటివ్ అని పేరు. పీ వాల్యూ లేదని చిన్నచూపు చూసేవాళ్ళుంటారు, ఉండనీ.

మన దగ్గర ఈ ప్రశ్నకి ఎంత బరువుందో చూడు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రలో 42.4. దేశం మొత్తం మీద 21.5. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్ళని మనం వార్డులో తిట్టుకుంటాం, నిజమే. కానీ ముహూర్తం ఒక్కటే ఇంత పని చేస్తుందా? నొప్పుల భయం ఎంత, ఒంటరిగా టేబుల్ మీద పడుకోవాలన్న భయం ఎంత? తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడుగా కరీంనగర్లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలెట్టింది. ఆ మరుసటేడే కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. వాళ్ళు వెళ్ళిన లేబర్ రూముల్లో తల్లులు నడుస్తున్నారా? వాళ్ళ మాటకి పక్కనున్న స్టాఫు, డాక్టర్లు ఎంత విలువిస్తున్నారు? నీలాంటిది వెళ్ళి అడగాలి. ప్రసూతి డాక్టరు అడిగితే వేరే జవాబొస్తుంది, సోషియాలజీ అమ్మాయి అడిగితే ఇంకోటొస్తుంది. కాన్పు చేసి చేతులు కడుక్కున్న మనిషి అడిగితే వాళ్ళు దాచలేనివి కొన్నుంటాయి.

అప్లై చెయ్యమని గానీ మానమని గానీ చెప్పట్లేదు. ఆదివారం వస్తున్నావుగా, యాప్రాన్ జేబులో వేసుకు తిరిగే ఆ చిన్న నోట్‌బుక్కు తీసుకురా. కేస్ నంబర్ల వెనక పేజీల్లో నువ్వు రాసుకునే సణుగుళ్ళు నాకు తెలుసు, పోయిన ఉగాదికి చూశాను, నువ్వు నిద్రపోతుంటే. తిట్టుకో. పిన్నిని గోంగూర పచ్చడి ఒక సీసా పెట్టమను. ఇంకోమాట, ఆ మూడో టేబుల్ అమ్మాయికి ఏమైందో మెసేజ్‌లో చెప్పలేదు. మామూలు కాన్పేనా, తీసుకెళ్ళి కోశారా? కనుక్కుని రా.

ఉంటా మరి. పొద్దుటి పాలగిన్నె ఇంకా సింకులోనే ఉంది, అడుగంటింది గోకాలి.